బ్యాంకు వాళ్లు సంతకానికి రమ్మన్నారు, కొలీగ్ వద్దంటున్నాడు

ప్రశ్న: మేము ఫ్రాన్స్‌లో తులూజ్‌లో ఉంటున్నాం. వచ్చి మూడో ఏడు నడుస్తోంది. విమానాల తయారీకి పని చేసే ఒక సబ్‌కాంట్రాక్టు కంపెనీలో ఇంజినీరుని. మా ఆయన ఇంకా భాష నేర్చుకుంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నారు. పాపకి నాలుగేళ్లు. ఖర్చులన్నీ పోను నెలకి 600 యూరోలు మిగులుతున్నాయి. ఖాతాలో 14 వేల యూరోలు ఊరికే పడి ఉన్నాయి. బ్యాంకులో మా ఖాతా చూసే ఆవిడ ఫోన్ చేసి, అందులో 10 వేలు అస్యూరాన్స్-వీ అనే పొదుపు పథకంలో పెట్టమని, వచ్చే వారం సంతకాలకి రమ్మని చెప్పింది. లంచ్‌లో ఈ మాట అంటే ఒక ఫ్రెంచి కొలీగ్ "ఆగు, ముందు నెట్‌లో మా వాళ్లు ఫ్రెంచిలో ఏం మాట్లాడుకుంటున్నారో చదువు" అన్నాడు. చదువుదామని కూర్చుంటే సగం పొడి అక్షరాలే, అర్థం కావు. ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులోనేమో అందరూ హైదరాబాద్ చుట్టుపక్కల భూమి కొనమంటారు. ఐదారేళ్లలో తిరిగి వెళ్లిపోవచ్చు, వెళ్లకపోనూవచ్చు. ముక్కూ మొహం తెలియని ఫ్రెంచి వాళ్ల మాట మీద డబ్బు పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, తులూజ్

జవాబు: వచ్చే వారం బ్యాంకుకి వెళ్లండి, సంతకం మాత్రం పెట్టకండి. ఇందులో తొందరపడాల్సిన అవసరం మీకేమీ లేదు.

మీ కొలీగ్ చూపించిన దారి మంచిదే. డబ్బుకి సంబంధించిన రూల్స్ మనం ఏ దేశంలో పన్ను కడుతున్నామో ఆ దేశానివే వర్తిస్తాయి. తెలుగులో వెతికితే అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి రిటైర్మెంట్ ఖాతాలైన 401కే గురించి, రోత్ గురించి చెప్పే వీడియోలు కుప్పలుగా దొరుకుతాయి. హైదరాబాద్ వాళ్లు పన్ను తగ్గించుకోవడానికి 80సీ అంటారు, ఈఎల్ఎస్ఎస్ అంటారు. తులూజ్‌లో జీతం తీసుకుంటున్న మీకు వాటిలో ఒక్కటీ అక్కరకు రాదు. లివ్రె-ఆ అనే సేవింగ్స్ ఖాతా, పీఈఏ అనే షేర్ల ఖాతా, అస్యూరాన్స్-వీ గురించి రోజూ వాదించుకునేవాళ్లు ఫ్రెంచిలోనే ఉన్నారు. రెడిట్‌లో వో ఫినాన్స్ అనే చోట, ఒకప్పుడు సీబాంక్ పేరుతో నడిచిన మనీవాక్స్‌లో మీలాంటి ప్రశ్నే మరొకరు అడిగి, జవాబులు అందుకుని ఉంటారు.

ఆ ముక్కూ మొహం తెలియని వాళ్లని నమ్మాల్సిన పనిలేదు. ఎక్కడ ఛార్జీలు పడతాయో, రూల్ ఏమిటో వాళ్ల దగ్గర తెలుసుకోండి. మీ డబ్బు ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం మాత్రం వాళ్లకి వదలకండి. ఎందుకో చెబుతాను.

ముందు ఆ 10 వేల సంగతి. పేరులో జీవిత బీమా అని ఉన్నా అస్యూరాన్స్-వీ మన ఎల్ఐసీ పాలసీ లాంటిది కాదు. ఏటా ప్రీమియం కట్టాలన్న షరతు లేదు, డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. 8 ఏళ్లు దాటితే పన్నులో రాయితీ పెరుగుతుంది, అంతే. ఆ తర్వాత తీసుకునే డబ్బులో లాభం ఏడాదికి 4,600 యూరోల వరకు, దంపతులకైతే 9,200 వరకు ఉంటే దాని మీద ఆదాయపు పన్ను ఉండదు. ఫ్రెంచి కుటుంబాల్లో సుమారు పదింట నాలుగింటికి ఇది ఉంది. కాబట్టి సరుకు చెడ్డదని కాదు, ఏ కొట్లో కొంటున్నారన్నదే ప్రశ్న.

బ్యాంకు కౌంటర్‌లో అమ్మే కాంట్రాక్టుల్లో డబ్బు వేసిన రోజే 2 శాతమో 3 శాతమో కోసుకోవడం మామూలు. 3 శాతం అనుకుంటే మీ 10 వేలలో 300 యూరోలు మొదటి రోజే పోతాయి. తర్వాత కాంట్రాక్టు నడిపినందుకు ఏటా ఇంకో 0.8 శాతం, లోపల ఉండే ఫండ్ తనకి తాను తీసుకునేది 2 శాతం అనుకోండి. ఈ రెండోది స్టేట్‌మెంట్‌లో విడిగా కనపడదు, ఫండ్ ధరలోనే కలిసిపోతుంది. మార్కెట్ ఏడాదికి 5 శాతం ఇచ్చిందని లెక్క కోసం అనుకుంటే, 20 ఏళ్లకి మీ చేతికి వచ్చేది సుమారు 15 వేలు. అదే డబ్బుని వేసేటప్పుడు ఛార్జీ లేని ఆన్‌లైన్ కాంట్రాక్టులో, మార్కెట్ సూచీని అనుసరించే చవక ఫండ్‌లో, అంటే ఈటీఎఫ్‌లో పెట్టి, అన్నీ కలిపి ఏటా 0.8 శాతమే కడితే 22,700 దాకా వస్తుంది. మార్కెట్ అదే, రిస్కూ దాదాపు అంతే. మధ్యలో పోయిన 7,700 ఛార్జీలే. మీ కొలీగ్ కంగారు అక్కడే. ఫ్రెంచి చర్చల్లో ఎవరైనా బ్యాంకు కాంట్రాక్టు గురించి అడగ్గానే జవాబులు అంత కటువుగా రావడానికి కారణమూ అదే. ఈ ఒక్క విషయంలో వాళ్లు చాలా గట్టివాళ్లు. ఫండ్ పేరు చెబితే చాలు, ఛార్జీల కాగితం వెతికి మీ ముందు పెడతారు.

చదివేటప్పుడు మొట్టమొదట తేదీ చూడండి. లివ్రె-ఆ వడ్డీ 2023 ఫిబ్రవరిలో 3 శాతం. 2025 ఫిబ్రవరిలో 2.4కి దిగింది, ఆగస్టులో 1.7కి వచ్చింది. ఏటా ఫిబ్రవరి 1న, ఆగస్టు 1న మారే అవకాశం ఉంటుంది. 2023లో ఎవరో "అన్నీ లివ్రెలోనే పెట్టేయ్" అన్నారంటే అప్పటికి అది సరైన మాటే. పన్నుల సంగతీ అంతే. 2018లో వడ్డీల మీద, షేర్ల లాభాల మీద అందరికీ ఒకే రేటున 30 శాతం పన్ను పెట్టారు. నాలుగేళ్ల నాటి పోస్టులో ఉన్న అంకె ఈ ఏడాది బడ్జెట్ తర్వాత కూడా అంతే ఉందని అనుకోకూడదు. అంకె అక్కడ చూసి, ప్రభుత్వ సర్వీస్-పబ్లిక్ సైట్‌లోనో పన్నుల శాఖ సైట్‌లోనో సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. రెండు నిమిషాల పని.

ఇంకొకటి, ఎవరైనా ఒక ఆన్‌లైన్ బ్యాంకునో బ్రోకర్‌నో తెగ మెచ్చుకుని చివర్లో కోడ్ ఇచ్చారంటే, మీరు ఖాతా తెరిస్తే వాళ్లకి డబ్బు వస్తుంది. దాన్ని పరెనాజ్ అంటారు. తప్పేమీ కాదు, మీకూ కొంత ఇస్తారు. కాకపోతే ఆ పొగడ్తలో సగం కొట్టేసి చదవండి. వీడియోలు చేసేవాళ్ల మీద 2023 జూన్‌లో ఫ్రాన్స్ చట్టమే తెచ్చింది. డబ్బు తీసుకుని చేసే ప్రచారాన్ని ప్రచారమని చెప్పి తీరాలి.

పొడి అక్షరాల గురించి టెన్షన్ పడకండి, తిప్పి తిప్పి వచ్చేవి పదో పన్నెండో. సీటీఓ అంటే మామూలు షేర్ల ఖాతా. ఆర్‌పీ అంటే సొంతిల్లు. యూసీ అంటే అస్యూరాన్స్-వీలో గ్యారంటీ లేని, మార్కెట్‌తో పాటు ఎగిరి పడే భాగం. ఫోఁ-యూరో (fonds euro) అంటే అసలుకి గ్యారంటీ ఉండే భాగం. వీటన్నిటికన్నా మీకు ముఖ్యమైనది టీఎమ్ఐ, అంటే మీ ఆదాయంలో చివరి యూరోకి పడే పన్ను శాతం. అది 0, 11, 30, 41, 45లో ఏదో ఒకటి. అక్కడ జవాబులు చెప్పే ఇంజినీర్లలో చాలామంది ఒంటరివాళ్లు, 30 శాతంలో ఉన్నవాళ్లు. వాళ్లు పీఈఆర్ అనే రిటైర్మెంట్ ఖాతాలో వేస్తే వేసిన ప్రతి 100కీ 30 యూరోల పన్ను తగ్గుతుంది, అందుకే మెచ్చుకుంటారు. మీ ఇంట్లో ఒక్క జీతం మీద ఇద్దరు పెద్దలు, ఒక పాప. ఫ్రాన్స్ పన్ను లెక్కలో అది 2.5 భాగాలు. మీరు బహుశా 11 శాతంలో ఉంటారు. పన్నుల శాఖ సైట్‌లోని సిమ్యులేటర్‌లో చూసుకోండి. ఆ 11 కోసం, తిరిగి వెళ్లిపోవచ్చనుకునే మనిషి, రిటైర్మెంట్ దాకా డబ్బు కట్టేసుకోవడం ఎందుకు? ఇంకొకళ్లకి డాక్టరు రాసిన చీటీతో మందులు కొనుక్కోవడం లాంటిదది.

భాష కష్టంగా ఉంటే ముందు లా ఫినాన్స్ పూర్ తూస్ సైట్‌లో మొదలుపెట్టండి. అది అమ్మేదేమీ లేని విద్యా సంస్థది, ఫ్రెంచి తేలిగ్గా ఉంటుంది. మన సెబీలా షేర్ మార్కెట్లని నియంత్రించే ఏఎమ్ఎఫ్ సైట్‌లోనూ కొత్తవాళ్ల కోసం రాసిన పేజీలున్నాయి. వారం రోజులు ఒకే విషయం, ఉదాహరణకి పీఈఏ, చదివితే ఆ తర్వాత చర్చలు వాటంతటవే అర్థమవుతాయి. మీ భాషకీ అది మంచి కసరత్తు.

అడగాల్సి వస్తే బొంజూర్ అని మొదలుపెట్టండి. నవ్వులాటకి చెప్పడం లేదు, ఆ ఒక్క మాట లేకపోతే ఫ్రాన్స్‌లో మొదటి జవాబు చీవాటే వస్తుంది. వయసు, నెలకి చేతికొచ్చే జీతం, ఇంట్లో ఎంతమంది, టీఎమ్ఐ, ఉన్న డబ్బు, ఎన్నేళ్లలో కావాలి, ఇవి రాయండి. పేరు, కంపెనీ, బ్యాంకు కాగితాల ఫొటోలు వద్దు. రాసిన గంటలోనే "నేను సలహాదారుణ్ని, ప్రైవేటుగా మాట్లాడదాం" అని మెసేజ్ రావొచ్చు. జవాబివ్వకండి. 6 శాతం గ్యారంటీ లివ్రె అని ఎవరన్నా చెబితే అది మోసమే. సలహాలు అమ్మేవాళ్లు, ఏజెంట్లు ఓరియాస్ రిజిస్టర్‌లో ఉండాలి. దొంగలు నిజమైన సంస్థల పేర్లనే అరువు తెచ్చుకుంటారు కాబట్టి, రిజిస్టర్‌లో పేరు ఉందని సరిపెట్టుకోకుండా ఆ సంస్థ సొంత నంబరు వెతికి మీరే ఫోన్ చేయండి.

ఇక వాళ్లు చెప్పలేనిది. ఆ చర్చల్లో ప్రతి జవాబు వెనకా ఒక మనిషి ఉంటాడు: ఫ్రాన్స్‌లో పుట్టి, అక్కడే ఉద్యోగం చేసి, అక్కడే రిటైరయ్యేవాడు. అతనికి ఊళ్లో అమ్మానాన్న ఉండరు, రూపాయల్లో ఖాతా ఉండదు. మీకు ఉన్నాయి.

ఇండియాలో మీ పేరున ఉన్న ప్రతి ఖాతా, ఎన్ఆర్ఐల కోసం ఉండే ఎన్ఆర్ఈ అయినా, ఎన్ఆర్ఓ అయినా, డీమ్యాట్ అయినా, వాడకుండా వదిలేసినదైనా, ఏటా ఫ్రెంచి పన్ను రిటర్న్‌తో పాటు 3916 అనే ఫారంలో చూపించాలి. పెళ్లికి ముందు నాన్నగారు మీ పేరున కట్టిన ఎల్ఐసీ పాలసీ కూడా అందులోకి వస్తుంది. చూపించకపోతే జరిమానా ఖాతాకి, ఏడాదికి 1,500 యూరోలు. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కదా అని ఊరుకోవద్దు, ఫ్రాన్స్‌లో ఉంటున్నంత కాలం అది ఫ్రాన్స్ దృష్టిలో ఆదాయమే. ఇద్దరూ ఇప్పటిదాకా చూపించకపోతే ఈసారి రిటర్న్ వేసే లోపు సరిచేసుకోండి, అవసరమైతే ఒక అకౌంటెంటుకి డబ్బిచ్చి అయినా సరే. ఇండియాలో పాత సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా మార్పించారో లేదో కూడా చూసుకోండి.

"లివ్రె ఇచ్చేదానికి మన దగ్గర ఎఫ్‌డీ మూడు రెట్లు పైనే ఇస్తుంది కదా" అని గ్రూపులో ఎవరో అనే ఉంటారు. పదేళ్ల కిందట యూరో 70 రూపాయల చుట్టూ ఉండేది, 2025లో 100 దాటింది. ఖర్చు యూరోల్లో ఉన్నవాళ్లకి ఆ తేడా వడ్డీలో చాలా భాగాన్ని తినేస్తుంది. రేపు హైదరాబాద్‌లోనే ఖర్చు పెడతారంటే లెక్క వేరు. మీకు అదింకా తేలలేదు కాబట్టి అంతా ఒక్క కరెన్సీలోకి నెట్టకండి.

భూమి సంగతి ఇంకా జాగ్రత్త. హైదరాబాద్ చుట్టూ గుంటల లెక్కన అమ్మే ఫామ్ ల్యాండ్ ఎక్కువగా వ్యవసాయ భూమే. విదేశీ మారకానికి సంబంధించిన ఫెమా చట్టం ప్రకారం ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్ హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరే మాట. అమ్మేవాడు ఈ విషయం చెప్పడు, గ్రూపులో ఫొటోలు పెట్టేవాళ్లకి చాలాసార్లు తెలియదు. అనుమతులున్న లేఅవుట్‌లో ఇళ్ల స్థలమైతే కొనుక్కోవచ్చు. అయినా చేతిలో ఉన్న 14 వేలూ ఊడ్చి దాంట్లో పెట్టి, ఇక్కడ ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారు?

తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి పీఈఏ ఎలా పనికొస్తుందో చూడండి. అది 1992 నుంచి ఉన్న షేర్ల ఖాతా, మనిషికి ఒక్కటే, 1,50,000 యూరోల వరకు వేయొచ్చు. తెరిచిన రోజు నుంచి 5 ఏళ్లు దాటితే లాభం మీద ఆదాయపు పన్ను ఉండదు, సామాజిక పన్నులు మాత్రం ఉంటాయి. 5 ఏళ్ల లోపు తీస్తే ఖాతా మూతపడుతుంది. లెక్క మొదలయ్యేది తెరిచి మొదటి డబ్బు వేసిన తేదీ నుంచి, ఖాతా నింపిన తేదీ నుంచి కాదు. అందుకే ఫ్రెంచి వాళ్లు 10 యూరోలు వేసి ముందు ఖాతా తెరిచి పెట్టుకుంటారు. మీరూ, మీ ఆయనా చెరొకటి తెరవండి. ఖాతా యూరప్ షేర్లకే అయినా, ప్రపంచమంతటి సూచీని అనుసరించే కొన్ని ఈటీఎఫ్‌లు దీనిలో చెల్లేలా తయారుచేశారు; అక్కడ అందరూ ఎడాపెడా చెప్పేది వాటి గురించే. మంచి సలహానే, కానీ అయిదేళ్లలో కావలసిన డబ్బుకి కాదు. ఇండియాకి వెళ్లిపోయినా ఫ్రెంచి చట్టం ఆ ఖాతాని మూసేయమనదు. అయితే అక్కడ పూర్తి రెసిడెంట్ అయ్యాక ఇండియా ఆ లాభం మీద తన పన్ను తను వేస్తుంది, ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తిగా చూపించమంటుంది. ఇది ఏ ఫ్రెంచి చర్చలోనూ మీకు దొరకదు.

అడగాల్సింది ఇంకొకటి ఉంది, అది మీ ఆఫీసు హెచ్‌ఆర్‌లో. మీ కంపెనీకి పీఈఈ అనే పొదుపు పథకం ఉందా, మీరు వేసే డబ్బుకి కంపెనీ ఏమైనా కలుపుతుందా అని. కలుపుతుంటే దానికి సాటి వచ్చే పెట్టుబడి బయట ఉండదు. డబ్బు 5 ఏళ్లు కదలదు కానీ ఆ ఉద్యోగం మానేస్తే ముందే తీసుకోవచ్చు. తిరిగి వెళ్లేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి!

ఇప్పుడు ఆ 14 వేలు. మీ ఇంట్లో ఒక్క జీతమే కాబట్టి అందులో పెద్ద భాగం మార్కెట్‌కి దూరంగానే ఉండాలి. లివ్రె-ఆలో 22,950 దాకా పడుతుంది, వడ్డీకి పన్ను లేదు, ఎప్పుడైనా తీసుకోవచ్చు. వడ్డీని పదిహేను రోజుల చొప్పున లెక్కిస్తారు, అందుకని జీతం 28న వస్తే నెల మారకముందే వేసేయండి. 2వ తేదీన వేస్తే ఆ డబ్బుకి వడ్డీ 16 నుంచే మొదలవుతుంది.

లివ్రె-ఆ కన్నా ముందు చూడాల్సింది ఎల్ఈపీ. 2025 ఆగస్టులో లివ్రె-ఆకి 1.7 ఇచ్చినప్పుడు దీనికి 2.7 ఇచ్చారు. 10 వేల దాకా వేయొచ్చు, దీనికీ పన్ను లేదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం పెట్టినది కాబట్టి ఇంజినీర్లకి రాదని అందరూ వదిలేస్తారు. కానీ ఆదాయ పరిమితి ఇంట్లోని భాగాలతో పాటు పెరుగుతుంది. ఒంటరిగా ఉండే మీ కొలీగ్‌కి రాకపోయినా, అదే జీతం మీద ముగ్గురున్న మీకు వచ్చే అవకాశం బాగానే ఉంది. వస్తే దంపతులు చెరొకటి తెరుచుకోవచ్చు.

అందుకే బ్యాంకు అపాయింట్‌మెంట్ రద్దు చేసుకోకండి. వెళ్లి ఆవిడ చెప్పేదంతా వినండి. వేసేటప్పుడు ఎంత కోస్తారు, ఏటా ఎంత, లోపలి ఫండ్ ఎంత తీసుకుంటుంది అని మూడూ విడివిడిగా అడగండి. డీఐసీ అనే మూడు పేజీల కాగితం ఇమ్మని, ఇంటికి తెచ్చుకోండి. లేచే ముందు, "మాకిద్దరికీ ఎల్ఈపీ తెరవొచ్చా?" అని అడగండి. మీకు అర్హత ఉందో లేదో పన్నుల శాఖని అడిగి తెలుసుకోవాల్సింది బ్యాంకే.